పాత లాప్‌టాప్, ఎంట్రీ లెవెల్ డీఎస్ఎల్ఆర్: ఈ రెండిటితోనే ఫొటోగ్రఫీ హాబీ ఎలా నడిపించాలి

2012 నుంచి 2016 మధ్యలో కెనాన్ 1200డీయో నికాన్ డీ3200యో డబుల్ లెన్స్ కిట్‌తో కొన్నవాళ్ళు మన దగ్గర బోలెడుమంది. ఇప్పుడది బీరువాలో ఏ మూలో ఉంటుంది, దానికి తోడు అదే టైమ్‌లో కొన్న ఐ3 లాప్‌టాప్, 4 జీబీ ర్యామ్, స్విచ్ నొక్కి టీ పెట్టుకుని వచ్చినా ఇంకా గిరగిరా తిరుగుతూనే ఉండే హార్డ్ డిస్క్. ఈ రెండూ ఇక పనికిరావని ఫిక్సయిపోయి, మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కొత్తరకం కెమెరా) ఎంత, కొత్త లాప్‌టాప్ ఎంత అని రేట్లు చూసి, ఆ రేట్లకి దండం పెట్టి మళ్ళీ ఫోన్‌తోనే తీసుకుంటున్న వాళ్ళ కోసం ఇది రాస్తున్నా.

ముందే ఒక విషయం చెప్పాలి. కెమెరా ఒక్కటే కొత్తది కొంటే కంప్యూటర్ కష్టం తగ్గదు, పెరుగుద్ది. 1200డీ 18 మెగాపిక్సెల్, రా ఫైల్ (సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచే ఫైల్) ఒక్కోటి ఇరవై పైచిలుకు ఎంబీ ఉంటుంది. 45 మెగాపిక్సెల్ బాడీ తెచ్చి ఆ ఫైళ్ళు ఇదే లాప్‌టాప్‌లో వేశారంటే అది పూర్తిగా చతికిలబడుద్ది. అసలు పాత కెమెరాకి పాత లాప్‌టాప్ సరిగ్గా ఈడూజోడూ, కాబట్టి రెండూ మార్చడమా రెండూ ఉంచడమా అన్నదే ప్రశ్న. ఉంచేద్దాం అనుకుంటే ఇలా చేయండి.

స్టెప్ 1: ఎక్కడ ఆగుతోందో ముందు చూడండి

స్లోగా ఉంది అంటే సరిపోదు, ఏ పని దగ్గర స్లో అన్నది కావాలి. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, పెర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచి పక్కన పెట్టుకుని మామూలుగా ఫొటోల పని చేయండి. ఫోల్డర్ తెరిచినప్పుడు, సాఫ్ట్‌వేర్ స్టార్ట్ అయ్యేటప్పుడు డిస్క్ 100 శాతం చూపిస్తుంటే తప్పు హార్డ్ డిస్క్‌ది. రెండు మూడు ఫొటోలు ఎడిట్ చేశాక మెమరీ 90 దాటి అక్కణ్ణుంచి అన్నీ పాకుతుంటే ర్యామ్ చాలట్లేదు. ఎక్స్‌పోర్ట్ (ఎడిట్ చేసిన ఫొటోని జేపెగ్‌గా బయటికి తీయడం) కొట్టినప్పుడు మాత్రమే సీపీయూ 100కి పోయి ఫ్యాన్ మొత్తుకుంటుంటే అది ప్రాసెసర్ లిమిట్, దానికి మందు లేదు, కానీ ఆ టైమ్‌లో మీరు ఎదురుగా కూర్చోవాల్సిన పని కూడా లేదు. చాలా పాత లాప్‌టాపుల్లో రోగం మొదటిదే.

స్టెప్ 2: ఎస్ఎస్‌డీ, ఆ తర్వాతే ర్యామ్

ఆ కాలం లాప్‌టాప్ హార్డ్ డిస్క్ నిమిషానికి 5400 సార్లు తిరుగుద్ది, బాగా ఉన్నప్పుడే సెకనుకి 100 ఎంబీ అటూఇటూ ఇస్తుంది, చిన్న చిన్న ఫైళ్ళు వందల్లో చదవాల్సి వస్తే అందులో పావలా వంతు కూడా రాదు. ఫొటోల ఫోల్డర్ తెరవడం అంటే సరిగ్గా ఆ పనే. దాని ప్లేస్‌లో 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని చిప్‌ల డిస్క్) వేస్తే 500 దాకా వస్తుంది, మరీ 2010 నాటి లాప్‌టాప్ అయితే పోర్టు పాతది కాబట్టి అందులో సగమే వస్తుంది, అయినా తేడా కళ్ళకి కనపడుద్ది. ఎన్‌వీఎంఈ అని రాసి ఉన్నది తీసుకోకండి, వీటికి అది పట్టదు.

ర్యామ్ కొనేముందు లాప్‌టాప్ మోడల్ నంబర్ కొట్టి ఏ టైపో చూడండి. మూడో తరం ఐ3, ఐ5 దాకా మామూలు డీడీఆర్3 నడుస్తుంది, నాలుగో తరం నుంచి చాలావాటికి డీడీఆర్3ఎల్ కావాలి, ఆ చివర ఎల్ అంటే 1.35 వోల్టులది, ఆ ఒక్క అక్షరం చూడకుండా తెచ్చుకుంటే మెషిన్ అసలు ఆన్ అవ్వకపోవచ్చు. కొన్ని సన్నటి మోడల్స్‌లో ర్యామ్ బోర్డు మీదే అతికించి ఉంటుంది, అప్పుడు ఉన్నదాంతో సర్దుకోవాలి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ దాకా వెళ్ళగలిగితే పాత ర్యామ్ స్టిక్కులు అక్కడ దొరుకుతాయి, లాప్‌టాప్ వెంట తీసుకెళ్ళి వేయించి, 8 జీబీ చూపిస్తుందో లేదో చూసుకున్నాకే డబ్బులివ్వండి.

మూత ఎలాగూ తీస్తారు కాబట్టి ఫ్యాన్‌లో దుమ్ము ఊదించి, థర్మల్ పేస్ట్ మార్పించండి. ఎక్స్‌పోర్ట్ మధ్యలో స్పీడ్ ఉన్నట్టుండి పడిపోతుంటే చాలాసార్లు కారణం వేడే. బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టు కనపడితే మాత్రం ఇంకేమీ ఆలోచించకుండా ఆ బ్యాటరీ తీయించేయండి, చాలా మోడల్స్ బ్యాటరీ లేకుండా చార్జర్ మీద కూడా నడుస్తాయి.

స్టెప్ 3: విండోస్ 10 సంగతి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11 అధికారికంగా కావాలంటే ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం ఉండాలి, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, మన మెషిన్లకి రెండూ ఉండవు. మైక్రోసాఫ్ట్ వాళ్ళే 2026 అక్టోబర్ దాకా సెక్యూరిటీ అప్‌డేట్స్ పొడిగించే ప్రోగ్రామ్ ఒకటి పెట్టారు, సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీలో కనిపిస్తుంది, కానీ అది ఒక్క ఏడాది ముచ్చటే.

రెండు దారులున్నాయి. ఒకటి, విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఫ్రీ సిస్టమ్‌లో ఎక్స్ఎఫ్‌సీఈ ఎడిషన్ వేసుకోవడం, 4 జీబీ ర్యామ్‌లో కూడా తేలిగ్గా నడుస్తుంది, పెన్‌డ్రైవ్‌లో వేసి ఇన్‌స్టాల్ చేయకుండానే బూట్ చేసి వైఫై, సౌండ్, కార్డ్ స్లాట్ అన్నీ పనిచేస్తున్నాయో లేదో ముందే చూసుకోవచ్చు. కాకపోతే అడోబీ వాళ్ళ ఫొటో ఎడిటర్ లైట్‌రూమ్ దీంట్లో నడవదు, అలాంటివే కెనాన్ వాళ్ళ డీపీపీ, నికాన్ వాళ్ళ ఎన్ఎక్స్ స్టూడియోకి కూడా లినక్స్ వెర్షన్ లేదు, అవి లేకపోతే చేతులు ఆడవు అనుకుంటే ఈ దారి వద్దు. రెండోది, విండోస్ 10నే ఉంచి నెట్ పూర్తిగా తీసేసి ఫొటోలకి మాత్రమే వాడటం. బ్యాంకు పని, మెయిల్ అన్నీ ఫోన్‌లోకి పోయాయి కదా, లాప్‌టాప్ ఒక డార్క్‌రూమ్‌లా ఉంటే నష్టమేం లేదు, పైగా బ్రౌజర్, యాంటీవైరస్, అప్‌డేట్లు ఏవీ ర్యామ్ తినవు. బయటికి పంపాల్సినవి పెన్‌డ్రైవ్‌లో ఫోన్‌లోకి వేసుకుంటే అయిపోద్ది. నాకైతే రెండో దారే ఎక్కువమందికి సరిపోద్ది అనిపిస్తుంది, మింట్ గొప్పది కాదని కాదు, కొత్త సిస్టమ్ నేర్చుకునే ఓపిక ఫొటోల మీద పెట్టొచ్చని.

స్టెప్ 4: కార్డు నుంచి లోపలికి

కెమెరాకి కేబుల్ పెట్టి కాపీ చేయడం మానేయండి, అది నిదానం, పైగా కెమెరా బ్యాటరీ ఖర్చు. లాప్‌టాప్‌కి పక్కన నీలం రంగు యూఎస్‌బీ పోర్టు ఉంటే అది 3.0, దానికో చిన్న కార్డ్ రీడర్ కొనుక్కోండి. లాప్‌టాప్‌లోనే ఉండే స్లాట్లు కొన్ని 64 జీబీ కార్డుల్ని గుర్తే పట్టవు, నికాన్ డీ40 లాంటి ఇంకా పాత కెమెరాలు కూడా 32 జీబీ దాటితే ఒప్పుకోవు, అందుకని 32 జీబీవి రెండు పెట్టుకోవడం మేలు. మరీ స్పీడ్ కార్డులకి డబ్బులు తగలేయకండి, 1200డీ ఎలాగూ సెకనుకి 3 ఫ్రేములే, రాలో ఓ ఆరు ఫొటోలు కొట్టగానే బఫర్ (కార్డులోకి వెళ్ళేముందు ఫొటోలు ఆగే కెమెరా మెమరీ) నిండిపోద్ది, ఎంత ఖరీదైన కార్డు పెట్టినా ఆ ఆరు పదిహేను అవ్వవు.

ఆన్‌లైన్‌లో ఆఫర్‌లో వచ్చిన కార్డు అయితే ముందు ఒరిజినలో కాదో టెస్ట్ చేయండి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్‌లో ఎఫ్3 అని ఫ్రీ టూల్స్ ఉన్నాయి, కార్డు మొత్తం రాసి మళ్ళీ చదివి చూస్తాయి. 32 అని చెప్పి లోపల 8 జీబీనే ఉండే కార్డులు ఉంటాయి, అవి 8 నిండేదాకా బుద్ధిగానే పనిచేస్తాయి, ఆ తర్వాతి ఫొటోలే గల్లంతు. ఫార్మాట్ ఎప్పుడూ కెమెరాలోనే చేయండి, అదీ రెండు చోట్ల కాపీ అయ్యాకే.

స్టెప్ 5: ఏరడం, అసలు పనంతా ఇక్కడే ఉంది

పాత కంప్యూటర్‌తో విసుగొచ్చి ఫొటోగ్రఫీ వదిలేసినవాళ్ళని కదిపి చూడండి, ఎక్కువమంది ఒకే పని చేసుంటారు, 400 ఫొటోలు కొట్టి వచ్చి 400నీ నేరుగా లైట్‌రూమ్‌లోనో డార్క్‌టేబుల్‌లోనో ఇంపోర్ట్ చేసి, ఒక్కో రా ఫైల్ తెరుచుకునేదాకా ఎదురుచూస్తూ, పక్కదాంతో పోల్చడానికి మళ్ళీ వెనక్కి వెళ్ళి మళ్ళీ ఎదురుచూస్తూ, ఓ యాభై అయ్యేసరికి మూత మూసేసి, ఆ మిగతావి ఇప్పటికీ అలాగే ఉంటాయి. ఆ ఎదురుచూపు అసలు అక్కర్లేనిది.

ఎందుకంటే ప్రతి రా ఫైల్ లోపల కెమెరా తయారుచేసిన ఒక జేపెగ్ దాక్కుని ఉంటుంది, చాలా కెమెరాల్లో అది ఫుల్ సైజులోనే ఉంటుంది, కెమెరా వెనక స్క్రీన్ మీద మీరు చూసేది దాన్నే. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ రా డేటాని మొదటి నుంచి వండుతుంది, అందుకే లేటు. వ్యూయర్లు మాత్రం వండి ఉన్న జేపెగ్‌ని తీసి చూపించేస్తాయి. విండోస్‌లో ఫాస్ట్‌స్టోన్ ఇమేజ్ వ్యూయర్, లినక్స్‌లో జీకీ, రెండిట్లోనూ నడిచేది ఎక్స్ఎన్‌వ్యూ ఎంపీ, ఇవన్నీ ఇంట్లో వాడుకోవడానికి ఫ్రీ. మూడో తరం ఐ3 మీద కూడా బాణం కీ నొక్కుతుంటే ఫొటోలు టకటకా పోతాయి.

మొదటి రౌండ్‌లో అందం జోలికి పోవద్దు. ఫోకస్ కుదరనివి, చెయ్యి కదిలినవి, కళ్ళు మూసుకున్నవి, కాలు కోసేసినవి మాత్రమే తీసేయండి, 100 శాతం జూమ్‌లో కన్ను పదునుగా ఉందా లేదా చూడండి చాలు, ఒక్కో ఫొటోకి రెండు సెకన్లు మించొద్దు. రెండో రౌండ్‌లో ఒకేలాంటివి ఏడెనిమిది ఉంటాయి కదా, బతుకమ్మ చుట్టూ ఆడుతున్న గుంపుని వరుసగా కొట్టినవి, లేదా బుజ్జిగాడు కేక్ కోస్తున్నవి, వాటిలో ఒకటి, మహా అయితే రెండు ఉంచండి. మూడో రౌండ్ ఆ రోజే చేయకండి, రెండ్రోజులు ఆగి చూస్తే మోజు తగ్గి నిజం కనపడుద్ది. ఇలా చేస్తే 400లో 30 మిగులుతాయి, ఆ 30 ఎడిట్ చేయడానికి మీ లాప్‌టాప్ చాలు. తీసేసినవి డిలీట్ చేయడానికి మనసొప్పకపోతే వేరే ఫోల్డర్‌లో పడేసి పెట్టండి, మళ్ళీ ఎప్పటికీ తెరవరు, అది వేరే సంగతి.

ఒక చిన్న జాగ్రత్త. కెమెరాలో పిక్చర్ స్టైల్ మోనోక్రోమ్‌లో పెట్టి ఉంటే లోపలి జేపెగ్ కూడా బ్లాక్ అండ్ వైటే ఉంటుంది, రంగులు పోయాయని కంగారు పడొద్దు, రా డేటాలో అన్నీ ఉంటాయి.

స్టెప్ 6: ఎడిటింగ్

4 జీబీ ర్యామ్ దగ్గరే ఆగిపోయినవాళ్ళు రాథెరపీ అనే ఎడిటర్‌తో మొదలుపెట్టండి, విండోస్ లినక్స్ రెండిట్లోనూ ఉంది, ఫ్రీ. 8 జీబీ ఉంటే డార్క్‌టేబుల్ కూడా లాగుతుంది. కెనాన్ వాళ్ళకి డీపీపీ, నికాన్ వాళ్ళకి ఎన్ఎక్స్ స్టూడియో కంపెనీయే ఉచితంగా ఇస్తుంది, రంగులు కెమెరా స్క్రీన్ మీద కనిపించినట్టే వస్తాయి, నేర్చుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు, వాటిని చిన్నచూపు చూసేవాళ్ళ మాట పట్టించుకోకండి. లైట్‌రూమ్ ఉన్నవాళ్ళు స్మార్ట్ ప్రివ్యూలు (రా ఫైళ్ళకి చిన్న సైజు కాపీలు) తయారుచేసుకుని, ప్రిఫరెన్సెస్‌లో ఒరిజినల్ బదులు వాటితోనే ఎడిట్ చేసే ఆప్షన్ టిక్ పెట్టుకోండి, అవి పొడవు వైపు 2560 పిక్సెల్సే కాబట్టి స్లైడర్ వెంటనే కదులుద్ది.

ఏ సాఫ్ట్‌వేర్ అయినా చేసే వరుస ముఖ్యం. ముందు ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, క్రాప్, కాంట్రాస్ట్, ఇవి తేలిక. నాయిస్ (వెలుతురు చాలనప్పుడు ఫొటోలో వచ్చే గింజలు) తగ్గించడం, షార్పెన్, లెన్స్ కరెక్షన్ బరువైన పనులు, వాటిని ముందే ఆన్ చేసి పెడితే ఆ తర్వాత మీరు ఏ స్లైడర్ జరిపినా ఆ బరువంతా మళ్ళీ మోయాల్సి వస్తుంది, అందుకే ఆఖర్లో పెట్టండి. ఏఐ డీనాయిస్‌లకి మంచి గ్రాఫిక్స్ కార్డ్ కావాలి, మన దగ్గర ఒక్కో ఫొటోకి నిమిషాలకి నిమిషాలు పడుద్ది, దాని ఆశ వదిలేయండి, నాయిస్ రాకుండా ఎలా తీయాలో కింద చెప్తా.

ఎక్స్‌పోర్ట్ వెంటవెంటనే చేయకండి. రాథెరపీలో క్యూ ఉంటుంది, ఎడిట్ అయినవన్నీ అందులో వేసుకుంటూ పోయి అన్నం తినడానికి లేచేటప్పుడు స్టార్ట్ కొట్టండి. వాట్సాప్‌కీ ఇన్‌స్టాకీ అయితే పొడవు వైపు 2048 పిక్సెల్స్, కలర్ ఎస్ఆర్‌జీబీ, క్వాలిటీ 85 చాలు. ప్రింటుకి ఫుల్ సైజు ఇవ్వండి. 18 మెగాపిక్సెల్ అంటే 5184 బై 3456, దాన్ని 12 బై 18 సైజులో ప్రింట్ చేస్తే అంగుళానికి 288 చుక్కలు పడతాయి, ల్యాబులు అడిగే 300కి దాదాపు అంతే, గోడకి తగిలించుకునే సైజు అది. 4 బై 6 ప్రింటుకి అయితే 2 మెగాపిక్సెల్ పైచిలుకు ఉంటే సరి. ఈ లెక్క తెలియకే చాలామంది మెగాపిక్సెల్స్ చాలట్లేదు అనుకుంటారు.

పాత లాప్‌టాప్ స్క్రీన్‌ని మాత్రం నమ్మొద్దు. చాలావాటిలో టీఎన్ ప్యానెల్ ఉంటుంది, తల కాస్త పైకెత్తితే ఫొటో వెలిసిపోయినట్టు, దించితే నల్లగా కనపడుద్ది. మూత ఒకే కోణంలో పెట్టుకుని, బ్రైట్‌నెస్ ఎప్పుడూ ఒకేచోట ఉంచి, వెలుతురు సంగతి కంటితో కాకుండా హిస్టోగ్రామ్ (వెలుగు, చీకటి ఎంతెంత ఉన్నాయో చూపించే గ్రాఫ్) చూసి తేల్చుకోండి. ఒకసారి నాలుగు ఫొటోలు ల్యాబ్‌లో 4 బై 6 ప్రింట్ వేయించి స్క్రీన్ పక్కన పెట్టి చూస్తే మీ స్క్రీన్ ఎంత అబద్ధం చెప్తుందో తెలిసిపోద్ది, ఆ తర్వాత ఆ లెక్క మనసులో పెట్టుకుని ఎడిట్ చేయొచ్చు.

స్టెప్ 7: కెమెరా వైపు డబ్బు పెట్టేది ఒక్కచోటే

కెమెరాతో వచ్చిన 18-55 కిట్ లెన్స్ పగటి వెలుతుర్లో చెడ్డదేం కాదు, ఎఫ్8 దగ్గర పెట్టి తీస్తే చక్కగా పదునుగా వస్తుంది. అది తేలిపోయేది ఇంట్లో, పెళ్ళి మండపంలో, దీపావళి రాత్రి. 55 దగ్గర దాని అపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్ నంబర్ తగ్గేకొద్దీ పెద్దది) ఎఫ్5.6 కంటే తెరుచుకోదు. అదే ఎఫ్1.8 లెన్స్ అయితే దాదాపు పది రెట్లు వెలుతురు లోపలికి వస్తుంది, అంటే కిట్ లెన్స్‌తో ఐఎస్ఓ (సెన్సర్ సెన్సిటివిటీ) 6400 పెట్టి గింజగింజగా వచ్చే ఫొటో ఇక్కడ ఐఎస్ఓ 640 దగ్గర వచ్చేస్తుంది. ఆ పాత సెన్సర్లు 1600 దాకా మర్యాదగా ఉంటాయి, ఆపైన నలిగిపోతాయి, కాబట్టి ఈ ఒక్క లెన్స్‌తో నాయిస్ బాధ, దాంతోపాటు డీనాయిస్ కోసం లాప్‌టాప్ పడే బాధ, రెండూ పోతాయి.

కెనాన్‌లో 50 ఎంఎం ఎఫ్1.8 ఎస్‌టీఎం అందరూ కొనేది, పోర్ట్రెయిట్లకి బాగుంటుంది కానీ మన కెమెరాల చిన్న సైజు (క్రాప్) సెన్సర్ మీద అది 80 ఎంఎంలా పనిచేస్తుంది కాబట్టి చిన్న హాల్లో వెనక్కి వెనక్కి జరిగి గోడకి అతుక్కుపోతారు. నికాన్ వాళ్ళు 35 ఎంఎం ఎఫ్1.8జీ డీఎక్స్ తీసుకోండి, ఇంట్లో అదే హాయి. నికాన్‌లో ఇంకో మెలిక ఉంది. డీ3200 లాంటి బాడీల్లో ఫోకస్ మోటార్ ఉండదు, లెన్స్ మీద ఏఎఫ్-ఎస్ అని ఉంటేనే ఆటోఫోకస్ అవుద్ది. చవగ్గా దొరుకుతుందని పాత 50 ఎంఎం ఎఫ్1.8డీ తెచ్చుకుంటే చేత్తో తిప్పుకోవాల్సిందే. కొత్తగా వచ్చిన ఏఎఫ్-పీ లెన్సులు కూడా డీ3200 మీద పనిచేయవు, డీ3300కి ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేస్తే పనిచేస్తాయి.

సెకండ్ హ్యాండ్ లెన్స్ అయితే ఫోన్ టార్చ్ వెనక నుంచి వేసి ముందు నుంచి చూడండి, సాలెగూడు దారాల్లా కనపడితే ఫంగస్, ఎంత తగ్గించినా వద్దు.

స్టెప్ 8: ఫంగస్, దుమ్ము, బ్యాటరీ

విశాఖ, కాకినాడ, నెల్లూరు వైపు ఉండేవాళ్ళకి ఇది అన్నిటికంటే ముఖ్యం, మిగతావాళ్ళకి వానాకాలం నాలుగు నెలలూ ముఖ్యం. కెమెరాతో వచ్చిన బ్యాగు ప్రయాణానికే, అందులోనే పెట్టి బీరువాలో దాచేస్తే గుడ్డ తేమ పీల్చుకుని ఫంగస్‌కి ఇల్లు కట్టిచ్చినట్టే. రబ్బరు అంచుతో గట్టిగా మూసుకునే ప్లాస్టిక్ డబ్బా ఒకటి, సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటర్, ఈ మూడూ చాలు. మీటర్ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. నీలం రంగు జెల్ గులాబీ రంగుకి తిరిగిందంటే తడిసిపోయింది, గింజల్ని పాత మూకుట్లో సన్న సెగ మీద కాసేపు వేయిస్తే మళ్ళీ నీలం వస్తుంది, ఆ మూకుడు మళ్ళీ వంటకి వాడకండి. బీరువాలో బట్టల మధ్య వేసే కలరా ఉండలు, కర్పూరం కెమెరా దగ్గరికి రానివ్వొద్దు, నికాన్ మాన్యువల్‌లోనే ఆ మాట రాసి ఉంటుంది. నెలకోసారైనా బయటికి తీసి జూమ్ రింగ్ తిప్పి నాలుగు ఫొటోలు కొట్టండి.

సెన్సర్ మీద దుమ్ము ఉందో లేదో చూడాలంటే ఎఫ్22 పెట్టి తెల్ల గోడనో ఆకాశాన్నో తీయండి, నల్ల చుక్కలు కనపడితే మెనూలో మాన్యువల్ క్లీనింగ్ ఆన్ చేసి, బాడీని కిందికి వంచి రబ్బరు బ్లోయర్‌తో ఊదండి. నోటితో ఊదొద్దు, స్ప్రే డబ్బా అసలొద్దు. అయినా పోకపోతే సర్వీస్ సెంటర్. ఏసీ గదిలోంచి ఎండలోకి వెళ్ళేటప్పుడు ఓ పావుగంట బ్యాగు జిప్ తీయకండి, లెన్స్ మీద మంచు పట్టదు.

బ్యాటరీలు వాడకుండా పెట్టేటప్పుడు కెమెరాలోంచి తీసి సగం చార్జ్‌లో ఉంచండి. 1200డీకి ఎల్‌పీ-ఈ10, అదే 1300డీకీ 1500డీకీ కూడా కాబట్టి ఇంకా దొరుకుతుంది. డీ3200కి ఈఎన్-ఈఎల్14, దీనికి లోకల్ కంపెనీవి కొన్ని కెమెరా ఒప్పుకోదు, షాపులోనే పెట్టి చూసి తీసుకోండి.

స్టెప్ 9: బ్యాకప్

ఎస్ఎస్‌డీ మీద ఒక కాపీ, బయటి హార్డ్ డిస్క్ మీద ఒకటి, ఏరిన 30 మాత్రం ఇంకోచోట కూడా, చుట్టాలింట్లో ఉంచిన డిస్కో క్లౌడో ఏదైనా పర్లేదు. లాప్‌టాప్‌లోంచి తీసిన పాత హార్డ్ డిస్క్‌ని కేసింగ్‌లో వేసి వాడొచ్చు, కాకపోతే దాని వయసు గుర్తుంచుకుని, ఉన్న ఒక్క కాపీ దాంట్లో పెట్టకండి.

స్టెప్ 10: దీంతో కాని పనులకి అద్దె

4కే వీడియో ఈ సెటప్‌తో కాదు, వదిలేయండి. పక్షుల్లో సగం అవుద్ది. గుంటూరు దగ్గర ఉప్పలపాడు లాంటి చోట గూళ్ళ మీద కూర్చున్న ఎర్రకాళ్ళ కొంగలు, గూడబాతులు కిట్‌లో వచ్చిన 55-250తోనే బాగా వస్తాయి, చెరువు గట్టు నుంచి అంత దగ్గర. ఎగిరేవాటి దగ్గరే చిక్కు, 1200డీకి ఫోకస్ పాయింట్లు 9, అందులో గట్టిది మధ్యది ఒక్కటే. ఏడాదికి రెండుమూడుసార్లు అలాంటి పని పడితే హైదరాబాద్‌లో కెమెరా, లెన్స్ రోజు అద్దెకి ఇచ్చేవాళ్ళున్నారు, ఐడీ ప్రూఫ్, డిపాజిట్ అడుగుతారు. తీసుకునేటప్పుడు మీ కార్డు పెట్టి ఒక ఫొటో కొట్టి, ఇంటికొచ్చి ముందు ఆ ఒక్కటి లాప్‌టాప్‌లో తెరిచి చూసుకోండి, ఎందుకంటే 2018 తర్వాతి కెనాన్లు చాలావరకు సీఆర్3 అనే ఫైల్ ఇస్తాయి, లైట్‌రూమ్ 6 లాంటి పాత సాఫ్ట్‌వేర్ దాన్ని తెరవదు. తెరవకపోతే అడోబీ వాళ్ళ ఫ్రీ డీఎన్‌జీ కన్వర్టర్‌తో మార్చుకోండి, అంత తలనొప్పి వద్దనుకుంటే ఆ ఒక్కరోజుకి కెమెరాలో రా ప్లస్ జేపెగ్ పెట్టేసి వెళ్ళండి.